చెరిసగం

వాదిరాజ్ మెస్సు నుంచి రొట్టెల గంప తిరిగి వచ్చేసింది. ఇరవై ఏళ్లుగా ఆ మెస్సుకు జొన్నరొట్టెలు ఈ ఇంటి నుంచే వెళ్తున్నాయి, ఒక్కటంటే ఒక్కటి వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. ఇవాళ ఎనభై రొట్టెలూ కట్టిన గుడ్డతో సహా వచ్చి గడపలో కూర్చున్నాయి.

గణేశ్ వాటిని ఆటోలోంచి దించాడు అనడం మర్యాద కోసం. పడేశాడు.

"ఇవి మీ ఇంటి రొట్టెలు కావంటున్నడు వాదిరాజ్. చేత్తోని కొట్టినట్ల లేవంట, కట్టెతోని వత్తినట్లున్నయంట. బయట ఎవరితోనన్న చేపిచ్చి తెస్తున్నవా అని నలుగుర్ల అడిగిండు. నాకు తల ఎత్తుకోనీకి కాలే."

వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు. గణేశ్ తల్లి యంకమ్మ పిండి ముందు కూర్చుని ఉంది. ఆమె తోటికోడలు బసమ్మ పొయ్యి దగ్గర ఉంది. అన్నదమ్ములను ఒకే పందిట్లో చేసుకుని, ఒకే రోజున రాయచూరులోని ఈ ఇంట్లో కాలుపెట్టినవాళ్లు. మొగుళ్లిద్దరూ పోయాక ఈ రొట్టెల మీదే పిల్లలను పెంచారు. వాళ్లు అరచేత్తో రొట్టె కొడుతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. పదిహేను రోజులుగా ఆ చప్పుడు లేదు. వీధిలో ఎవరికీ తట్టలేదు, తట్టినవాళ్లు అడగలేదు.

బసమ్మ కూతురు చంద్రికకు తట్టింది. తట్టి ఊరుకుంది, అదే ఆమె చేసిన పాపం. పోయిన శుక్రవారం పెద్దమ్మ కొంగులో చేతులు దాచుకోవడం కళ్లారా చూసింది. ఆ సాయంత్రమే ఆస్పత్రి ఫారంలో తల్లి పేరు ఎదురుగా 'మందు చెప్పినట్టే వాడుతున్నారు' అని రాసి సంతకం పెట్టింది.

ఇప్పుడు వెళ్లి యంకమ్మ పక్కన చతికిలబడింది.

"చేతులు చూపియ్యి పెద్దమ్మా."

"నా చేతులకేమైంది. మీ అమ్మను దవాఖానకు తీస్కపోవాల గదా, పొద్దు పోతున్నది, లే."

చంద్రిక లేవలేదు. పెద్దమ్మ మణికట్టు పట్టుకుని లాగి, బిగించిన పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయి, పొరలు పొరలుగా లేచి ఉంది. వేళ్ల మడతల్లో పగుళ్లు. ఆ పగుళ్లలో పిండి చిక్కుకుని ఉంది.

ఆ చేతులను చంద్రిక ఎరుగును. మందు వేసుకున్నవాళ్ల అరచేతులు ఇలా అవుతాయని తెలుగు కాగితంలో రాయించింది తనే. కానీ మందు అమ్మది. ఈ చేతులు పెద్దమ్మవి.

ఆ మందు ఇంకా అంగట్లోకి రాలేదు. దానికి పేరు కూడా లేదు, అంకెలతో పిలుస్తారు. రొమ్ములో గడ్డ లేచి, ఉన్న మందులకు లొంగనివాళ్లకు ఇచ్చి చూస్తున్నారు. ఇలాంటి పరీక్షలు ఎక్కడో పెద్ద నగరాల్లో, కన్నడమో ఇంగ్లిషో చదివి సంతకం పెట్టగలిగినవాళ్ల మీద జరుగుతాయి. పేటలో తెలుగు మాట్లాడుకునే ఆడవాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. రేపు మందు బయటికొచ్చాక వీళ్ల ఒంటికి అది పడుతుందో లేదో, ఎంత ఇవ్వాలో చెప్పే నాథుడు ఉండడు. ఆ లోటు తీర్చడానికే ఆస్పత్రివాళ్లు చంద్రికను పనిలో పెట్టుకున్నారు.

ఎనిమిది నెలలు గడపగడపకూ తిరిగింది. ఎలుకల మీద చేసే పని మా మీద చేస్తారా అని తిట్టించుకుంది, ఒక ఇంటి ముందు నెత్తిన నీళ్లు కూడా పోయించుకుంది. చివరికి పదకొండు మంది వేలిముద్ర వేశారు. మొదటి వేలు అమ్మది. సొంత తల్లిని చూపించకపోతే పేటలో ఎవరు నమ్ముతారు మరి.

చంద్రిక అలమరలోంచి మందు సీసా తీసింది. గోళీలు ఎన్ని మిగలాలో అన్నీ ఉన్నాయి. ఉండకేం, రోజుకు నాలుగూ ఖర్చవుతూనే ఉన్నాయి.

"ఎప్పటి నుంచమ్మా?"

బసమ్మ పెంక మీది రొట్టె తిప్పలేదు. అది మాడి వాసన వస్తోంది.

"నిన్నే. ఎప్పటి నుంచి?"

"షురూ అయిన దినం నుంచి. పొద్దుగాల రెండు, మాపుటికి రెండు ఇస్తరు గదా. నాకొకటి, అక్కకొకటి."

అంత తేలిగ్గా చెప్పింది. తొమ్మిది వారాలు! ఆ ఇంట్లో జ్వరం గోళీ అయినా, బీపీ గోళీ అయినా కత్తిపీట మీద రెండు ముక్కలై ఇద్దరి నోట్లోకీ వెళ్లేది. చంద్రిక చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది, చూసి నవ్వుకుంది కూడా. ఈ మందు సీసా చేతికిచ్చేటప్పుడు మాత్రం ఆ కత్తిపీట గుర్తుకు రాలేదు.

చంద్రికకు ఒళ్లు మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పానని అరిచింది, ఎవరికీ ఇవ్వకూడదని కాగితంలో రాసి చదివి వినిపించలేదా అని నిలదీసింది. నీ గడ్డ ఎందుకు తగ్గడం లేదో తెలియక నిద్ర పట్టక చస్తున్నానని కళ్లనీళ్లు పెట్టుకుంది. బసమ్మ అంతా విని పొయ్యి ఆర్పింది.

"నువ్వు పుట్టినప్పుడు నాకు పాలు పడలే," అంది. "మీ పెద్దమ్మ గణేశ్‌ను ఒక దిక్కు, నిన్నొక దిక్కు ఏసుకొని తాపింది. నా బిడ్డకింత, దాని బిడ్డకింత అని కొలిచిందా? ఇద్దరికీ ఒక్కటే రోగమొస్తే నేనొక్కదాన్నే మింగి కూసోవాల్నా? నాతోని కాలే బిడ్డా."

గడప దగ్గర నిలబడ్డ గణేశ్ నోరు తెరుచుకుని వింటున్నాడు. రెండు నెలలుగా అతను చంద్రికతో సరిగ్గా మాట్లాడలేదు. నీ తల్లి పేరు రాయించుకొని నా తల్లిని వదిలేస్తివి కదా అని పేట అందరి ముందూ అన్నాడు. ఇప్పుడు ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"చిన్నమ్మా, నాకన్న చెప్పాల్సుండె," అన్నాడు.

"చెప్తే నువ్వు ఊకుంటవా. పోయి చంద్రికతోని కొట్లాడుదువు."

చంద్రిక సీసా కింద పెట్టింది. ఇక దాచి లాభం లేదు. తల్లి తప్పు తొమ్మిది వారాలదైతే, తన తప్పు దానికంటే ఒక రోజు పెద్దది.

"పెద్దమ్మను ఎందుకు తీసుకోలేదో తెలుసా మీకు?"

"జాగ లేదంటివి గదా," అంది యంకమ్మ. కోపంగా కూడా అనలేదు, గుర్తు చేసినట్టు అంది.

చంద్రిక అలా చెప్పిన మాట నిజమే. యంకమ్మ రక్తపరీక్ష వచ్చిన రోజున డాక్టరు చంద్రికను పిలిచి, ఈమె మూత్రపిండాలు ఈ మందును తట్టుకోలేవు, మీ భాషలో మీరే నెమ్మదిగా చెప్పండి అన్నాడు. నెమ్మదిగా చెప్పడానికే ఆమెకు జీతం. కానీ ఆ ఇంట్లో కిడ్నీ అనే మాటకు ఒకే అర్థం ఉంది. గణేశ్ తండ్రి ఎనిమిది నెలలు రక్తం కడిగే మిషను కింద పడుకుని పోయాడు. ఆ మాట పెద్దమ్మ ముందు అనడానికి చంద్రికకు నోరు రాలేదు. జాగా అయిపోయింది అనేస్తే ఎవరికీ నొప్పి లేదనుకుంది.

"జాగ లేక కాదు పెద్దమ్మా. నీ కిడ్నీలు బాగలేవు. ఈ మందు నీ ఒంట్ల నుంచి బయటికి పోదు, లోపల్నే ఉండిపోతది. అమ్మకు మందయ్యేది నీకు విషమైతది. ఆ రోజు చెప్పలేకపోయిన."

బయట ఎవరో బిందె దించిన చప్పుడైంది.

గణేశ్ వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కి తీశాడు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. అతను దాన్నే చూస్తూ, నెల నుంచి కాళ్లు వాస్తున్నాయని, వయసు మీదపడింది కదా అనుకున్నానని ఎవరికో చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

బసమ్మ గోడకు చేరగిలబడి జారిపోయి కూర్చుంది. "నా చేత్తోనే పెట్టిన," అంది. "వద్దంటే గూడ దవడ పట్టి మింగిచ్చిన."

గణేశ్ లేచి, ఇప్పుడే అమ్మను కూడా ఆస్పత్రికి తీసుకుపోదామన్నాడు. అంతవరకూ ఏడుస్తున్న బసమ్మ దిగ్గున తలెత్తింది. తీసుకుపో, కానీ ఆ ఆస్పత్రికి వద్దంది. వేరే ఎక్కడికైనా తీసుకుపో, ఏదో గోళీ వేసుకుందని చెప్పు, ఏ గోళీ అంటే తెలియదని చెప్పమంది. గోళీ పేరు చెప్పకుండా వైద్యం ఎలా చేస్తారని గణేశ్ అడిగాడు. బసమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఆ సారుకు తెలిస్తే నా పేరు కొట్టేస్తరా?"

"కొట్టేయొచ్చు."

"నా గడ్డకు ఇంకో మందు ఉన్నదా?"

చంద్రిక తల అడ్డంగా ఊపింది.

"అయితే చెప్పకు. నేటి నుంచి నాలుగూ నేనే మింగుత. అక్కను గణేశ్ చూపిచ్చుకుంటడు. అయిందేదో అయింది."

"చెప్పకపోతే ఏమైతదో ఎరికనా అమ్మా? గడ్డ ఎందుకు తగ్గలేదో సారుకు తెలియదు. మందే మన ఒంటికి పని చేయలేదని రాస్తడు. నీ ఒక్కదాని మీద కాదు, మన పేటోళ్లందరి మీద రాస్తడు. ఇన్నేండ్లకు మనం లెక్కలకొస్తే, ఆ లెక్క అబద్ధమైతది."

"కానియ్యి," అంది బసమ్మ. "నేను బతికుంటే గదా నాకు పేట."

నిజం చెప్పాలంటే చంద్రికకూ అదే కావాలి. అమ్మ బతకాలి. పేట, కాగితాలు, పదకొండు వేలిముద్రలు, ఎనిమిది నెలల తిరుగుడు, అన్నీ ఒకవైపు పెట్టి ఎవరైనా అడిగితే ఆమె అమ్మనే కోరుకుంటుంది. అలా కోరుకుంటున్నందుకు సిగ్గుపడింది కూడా.

తల్లీకూతుళ్లు చెప్పులు వేసుకుంటుంటే యంకమ్మ గడప దగ్గరికి వచ్చింది. తిరిగొచ్చిన గంపలోంచి ఒక రొట్టె తీసి, అలవాటు కొద్దీ రెండుగా తుంచింది. సగం బసమ్మ చేతిలో పెట్టింది.

"తిని పో. ఖాళీ కడుపుతోని వేసుకోవద్దంట గదా ఆ గోళీ."

మిగిలిన సగం తన చేతిలోనే ఉంది. దాన్ని తినలేదు, గంపలో పెట్టలేదు. వాళ్లు మలుపు తిరిగేదాకా అలా పట్టుకునే నిలబడింది.

*

డాక్టర్ అంబరీశ్ పోతనాళ దగ్గర, కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల కాలువ క్యాంపులో పుట్టినవాడు. ఎన్నేళ్లు కన్నడంలో చదువుకున్నా మాట మాత్రం కోస్తా తెలుగే. బసమ్మను చూడగానే లేచి నిలబడి కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. ఇవాళా అలాగే చేశాడు.

నర్సు సీసాలో గోళీలు లెక్కపెట్టి సరిపోయాయంది. ఆయన ముఖం విప్పారింది. ఇంత శ్రద్ధగా వాడినవాళ్లు మాకు దొరకరని, ఈ పేటల వాళ్లు చెప్పినట్టు వినరని తనతో వాదించినవాళ్లకు మీ కాగితాలే చూపిస్తున్నానని చెప్పాడు. బసమ్మ తల వంచుకుని వింది. చంద్రికకు ఆ మెచ్చుకోలు ఒక్కొక్క మాటా చెంప మీద పడినట్టయింది.

ఆయన బసమ్మ అరచేతులు తిప్పి చూశాడు. కాస్త ఎర్రబడ్డాయి, అంతే. మంచిదే అన్నాడు. తరువాత స్కానింగు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"ఈసారి కూడా గడ్డ పెరగలేదమ్మా. కానీ తగ్గనూ లేదు. ఇంత మందుకి తగ్గాల్సింది."

చంద్రిక గోడ మీది గడియారం వైపు చూసింది.

"మీవాళ్లలో ఇన్ని వారాలు వేసుకున్నది మీ అమ్మగారొక్కరే కదా. ఆవిణ్ణి చూస్తే మీవాళ్ల ఒంటికి ఈ మోతాదు చాలడం లేదేమో అనుకుంటున్నాం," అన్నాడు ఆయన చంద్రికతో. "ఇబ్బంది కూడా పెద్దగా కనపడ్డం లేదు కదా. అందుకని కొత్తగా చేరేవాళ్లకి పెంచి ఇద్దామని పైవాళ్లు నిర్ణయించారండి. కవితాళ నుంచి మీరు తీసుకొచ్చిన సుమంగళగారు సోమవారం నుంచి వేసుకుంటారు. ఆవిడకి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నాం."

సుమంగళకు ముప్పై ఒకటి. చిన్నపిల్ల ఇంకా చంక దిగలేదు. వేలిముద్ర వేసేముందు ఆమె అత్త మూడుసార్లు అడిగింది, నా కోడలికి ఏమీ కాదు కదా అని. మూడుసార్లూ నేనున్నాను కదా అని చెప్పింది చంద్రికే.

బల్ల కింద తల్లి చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది. ఎర్రబడిన అరచెయ్యి వేడిగా తగిలింది. ఆ పట్టులో బతిమాలడం ఉంది, బెదిరించడం ఉంది. ఈ చెయ్యి విడిపించుకుంటే అమ్మ పోతుంది, విడిపించుకోకపోతే సుమంగళ పోతుంది. ఎటు చూసినా ఎవరో ఒకరి ప్రాణం తన నాలుక మీదే ఉంది.

"సార్," అంది.

"చెప్పండి."

ఆమె చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చింది యంకమ్మ. ఆయాసపడుతోంది, ఒక చెయ్యి గోడకు ఆనించి నడుస్తోంది. వెనక గణేశ్ ఉన్నాడు. అతను చంద్రిక కళ్లలోకి చూడలేదు.

యంకమ్మ ఎవరినీ పలకరించలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, బసమ్మ కాగితాల మీద తన రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టింది.

"ఇవి గూడ రాసుకో సారూ."

అంబరీశ్ ఆ చేతులను చూశాడు. ముఖం చూశాడు. ఈమెను మందుకు పనికిరాదని పంపించేసింది తనేనని గుర్తొచ్చినట్టుంది, కుర్చీ వెనక్కి జరిగింది.

"యంకమ్మగారు కదూ. మీరు ఈ మందు వేసుకున్నారా?"

"దొంగతనంగ వేసుకున్న. బసమ్మకు చదువు రాదు. రెండే వేసుకోవాల్నని సారు చెప్పిండని నేనే అబద్ధం చెప్పిన. ఆమె రెండు మింగితే మిగిలిన రెండు నేను తిన్న, తొమ్మిది వారాల నుంచి. ఆమెకేం ఎరక లేదు. తప్పు నాది, శిక్ష నాకెయ్యి. ఆమె పేరు మాత్రం కొట్టకు."

అంతా ఒక్క ఊపిరిన చెప్పేసింది. ఆటోలో దారంతా చెప్పుకుంటూ వచ్చి ఉంటుంది, ఎక్కడా తడబడలేదు.

డాక్టరు ముందు నర్సును పిలిచి, యంకమ్మకు రక్తం తీయమని, మంచం సిద్ధం చేయమని చెప్పాడు. తరువాత చంద్రిక వైపు తిరిగాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నిజమేనాండీ? వారం వారం ఆ ఇంటి ఫారం నింపుతున్నది మీరు. మీరు ఏం చెబితే అదే రాస్తాను."

ఎంత చక్కగా అమరిపోయింది! అవును అంటే చాలు. మందు సగమే పడిందని తేలిపోతుంది, సుమంగళకు మోతాదు పెరగదు. పెద్దమ్మకు వైద్యం జరుగుతుంది. మోసపోయిన అమాయకురాలి పేరును ఎవరూ కొట్టేయరు, అమ్మకు మందు ఆగదు. తన శుక్రవారపు సంతకం గురించి కూడా ఎవరూ అడగరు. పెద్దమ్మ ఒక్కతే దొంగ అవుతుంది. యంకమ్మ ఆమె వైపే చూస్తోంది, అనవే, అను అన్నట్టు. పాలు తాపినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటుంది.

అవును అనే మాట చంద్రిక గొంతు దాకా వచ్చింది.

అప్పుడు బల్ల కింద ఆమె మణికట్టు మీది పట్టు సడలింది. బసమ్మ లేచి నిలబడింది.

"మా అక్క దొంగ కాదు సారూ."

"కూసోవే, నీకేం ఎరక," అంది యంకమ్మ.

బసమ్మ కూర్చోలేదు. అక్క చేతుల పక్కన తన చేతులు కూడా పెట్టింది. "నేనే ఇచ్చిన. వద్దంటే బలవంతంగ మింగిచ్చిన. నా బిడ్డకు గూడ నేనే చెప్పొద్దంటి. ఇగ నీ ఇష్టం, నా పేరు కొట్టుకుంటే కొట్టుకో. అక్కను దొంగని మాత్రం రాయకు."

యంకమ్మ తన తలను బసమ్మ భుజానికి కొట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఎంత పని చేస్తివే, ఎంత పని చేస్తివే అని అదే మాట. గణేశ్ ముఖం గోడకు తిప్పుకున్నాడు.

అంబరీశ్ నాలుగు అరచేతుల కింద నుంచి కాగితాలను మెల్లగా లాగి ముందు పెట్టుకున్నాడు. మొదటి కాగితం మీద బసమ్మ పేరు ఉంది. దాని కింద శుక్రవారం నాటి ఫారం, అడుగున చంద్రిక సంతకం ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. తరువాత పెన్ను మూత తీశాడు.